సివిల్స్ మెయిన్స్‌లో పట్టణీకరణ: నేను చదివిన పద్ధతి

ఫలితాలు వచ్చినప్పటి నుంచి చాలామంది అడుగుతున్నారు, జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో పట్టణీకరణకు ఏం చదివారని. జాబితాలో పేరు చూసుకున్న సంబరం ఇంకా తగ్గలేదు. ఆ ఊపులోనే రాస్తున్నాను.

సిలబస్ మీకు తెలిసిందే. సుస్థిర, సమ్మిళిత నగరాలు అనగానే పథకాల పేర్లు వరసపెట్టడం అందరికీ అలవాటు. నా రాత మారింది సియోల్ దగ్గర. చియోంగ్యెచియోన్ వాగును కప్పేసిన ఎత్తు రహదారిని 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005 నాటికి వాగును మళ్లీ పారించారు. అంతా దీన్ని విజయగాథగానే రాస్తారు. అక్కడ సరుకులు అమ్ముకునే వీధి వ్యాపారులు ఏమయ్యారా అని వెతికాను. కొందరిని తోంగ్‌డెమున్ స్టేడియంలోకి పంపారు. కొన్నేళ్లకు డిజైన్ ప్లాజా కోసం ఆ స్టేడియాన్నీ పడగొట్టారు. వాగు పారాక ఆ ప్రాంతంలో వేడి తగ్గింది, నిజమే. కానీ ఆ చల్లదనానికి ఎవరి బతుకుతెరువు మూల్యమైంది? ఈ ప్రశ్న పట్టుకున్నాక ప్రతి విధానం నాకు కొత్తగా కనిపించింది.

దీనికి ఎదురుగా థాయ్‌లాండ్ బస్తీల గృహ పథకం 'బాన్ మంకోంగ్' పెట్టుకున్నాను. 2003లో మొదలైన ఈ పథకంలో రుణం విడివిడిగా కుటుంబాలకు కాక, బస్తీవాసుల సహకార సంఘానికి అందుతుంది. ముందు పొదుపు చేయాలి, సర్వే తామే చేసుకోవాలి. బ్యాంకాక్‌లోని బాంగ్ బువా కాలువ గట్టు బస్తీ ప్రభుత్వ భూమిని ఉమ్మడిగా 30 ఏళ్ల లీజుకు తీసుకుంది. కాలువ మీదికి చొచ్చుకొచ్చిన ఇళ్లు వెనక్కి జరిగాయి, గట్టు వెంట దారి ఏర్పడింది. కాలువా బాగుపడింది, జనమూ అక్కడే ఉన్నారు.

మిగతావి క్లుప్తంగా: సింగపూర్‌లో ప్రభుత్వ గృహాల ప్రతి బ్లాకులో ఒక్కో జాతివారు ఎంతమేర ఉండవచ్చో పరిమితి (1989), మన వీధి వ్యాపారుల చట్టం (2014) ప్రకారం పట్టణ వీధి వ్యాపార కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులు.

ఒక్క అంశానికి ఇంత సమయమా అని స్నేహితులు మందలించారు. నేను చేసింది సరైనదేనని ఇప్పుడూ అంటాను. పది నగరాల పేర్లు వల్లె వేసినవాళ్లకు ప్రశ్న కాస్త మెలిక తిరగగానే కలం ఆగుతుంది. రోజూ ఒక జవాబు చేత్తో రాయాలి, అలసట వంకతో మానకూడదు. చదివాం కదా అన్న తృప్తి పరీక్ష హాల్లో అక్కరకు రాదు.

ఈ వారం జకార్తా తీసుకోండి. ఇళ్లు కూల్చకుండా బస్తీలకు కాలిబాటలు, కాలువలు, నీళ్లు ఇచ్చిన 1969 నాటి కంపుంగ్ (అక్కడి బస్తీ) అభివృద్ధి కార్యక్రమం మీద 150 పదాలు రాయండి. భూమి హక్కు సంగతి అందులో తప్పక తేల్చండి.