రెండు గజాల దూరం

2006 జనవరి 4 రాత్రి కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగిన రోజ్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట గురించి మన టెక్సస్ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల్లో ఎవరిని కదిపినా, ఆట ముగియడానికి 19 సెకన్ల ముందు మన జట్టు ఆటను నడిపించే విన్స్ యంగ్ మైదానం కుడి మూలకు పరుగెత్తి టచ్‌డౌన్ (బంతితో ప్రత్యర్థి గోలు గీత దాటడం) చేసిన ఘట్టమే చెబుతారు. ఆ పరుగు అంతటి కీర్తికి తగినదే. అయితే అంతకు దాదాపు రెండు నిమిషాల ముందు మన డిఫెన్స్ ఆటగాళ్లు రెండు గజాల నేలను వదలకుండా నిలబడి ఉండకపోతే, యంగ్ చేతికి బంతి వచ్చేది కాదు, ఆట అక్కడితో ముగిసిపోయేది. ఆ ఏడాది ఆస్టిన్‌లో చదువుకున్నవాడిగా ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు, అందరికీ కంఠతా వచ్చిన పరుగు కంటే, ఏటేటా మరుగున పడిపోతున్న ఆ రెండు గజాల గురించి రాయడం మేలనిపించింది.

ఈ సంచిక మన ఇళ్లలోని పెద్దలూ చదువుతారు కనుక కొంత నేపథ్యం చెప్పాలి. అమెరికాలో కళాశాల జట్ల ఫుట్‌బాల్ సీజను డిసెంబరు మొదట్లో ముగుస్తుంది. ఆ తరవాత, బాగా ఆడిన జట్లను జతలుగా ఆహ్వానించి, క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ అటూ ఇటూగా జరిపే ప్రత్యేకమైన ఆటలే బౌల్ గేములు. వాటిలో అన్నిటికంటే పాతది రోజ్ బౌల్. 1902లో జరిగిన మొదటి ఆటలో మిషిగన్ జట్టు స్టాన్‌ఫర్డ్‌ను 49–0 తేడాతో ఓడించింది; 1916 నుంచి అది ఏటేటా జరుగుతోంది; ఇప్పుడున్న స్టేడియం 1922 నాటిది. 1998 నుంచి పత్రికా విలేకరులూ కోచ్‌లూ వేసే ఓట్లనూ, కంప్యూటర్ లెక్కలనూ కలిపి జట్లకు ర్యాంకులిచ్చి, మొదటి రెండు ర్యాంకుల జట్ల మధ్య జాతీయ చాంపియన్‌షిప్ ఆటను పెద్ద బౌల్స్‌లో వంతులవారీగా జరిపేవారు. ఆ ఏడాది వంతు రోజ్ బౌల్‌ది. మొదటి ర్యాంకు లాస్ ఏంజిలిస్‌లోని సదర్న్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానిది, రెండోది మనది. రెండు జట్లూ అప్పటికి ఆడిన పన్నెండు ఆటలూ గెలిచి వచ్చినవే.

నేను 2004 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి ఆస్టిన్ చేరినప్పుడు ఈ ఆట మీద నాకు ఆసక్తి లేకపోగా కొంత చిరాకు కూడా ఉండేది. శనివారం వస్తే ఊరంతా ముదురు నారింజ రంగు చొక్కాలే. ఫార్ వెస్ట్ షటిల్ బస్సులో నిలబడడానికి కూడా చోటుండేది కాదు. ఎనభై వేల మంది పట్టే స్టేడియం నుంచి వచ్చే హోరు ల్యాబ్ కిటికీలు మూసుకున్నా వినిపించేది. గుంటూరు నుంచి వచ్చిన నా గదిమిత్రుడు, "ఇందులో ఆడేది తక్కువ, ఆగేది ఎక్కువ" అని ఒక్క మాటలో తేల్చేశాడు. అది అబద్ధమూ కాదు. కానీ ఆ ఆగే వ్యవధిలోనే ఆట అంతా ఉందని తెలియడానికి మాకు ఒక సీజను పట్టింది. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు అవకాశాలుంటాయి. వాటినే డౌన్లు అంటారు. మూడింటిలో పని కాకపోతే, సాధారణంగా నాలుగోదాన్ని వాడుకోకుండా బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగిస్తారు. తన్నకుండా నాలుగోదాన్ని కూడా ఆడి విఫలమైతే, బంతి ఉన్న చోటనే ప్రత్యర్థి పాలవుతుంది. నేను చెప్పబోయేది అర్థం కావడానికి ఈ ఒక్క నియమం చాలు.

2005 సీజనులో మనవాళ్లు సెప్టెంబరులో కొలంబస్ వెళ్లి ఒహైయో స్టేట్‌ను 25–22తో ఓడించారు. వరసగా అయిదేళ్లు మనల్ని ఓడించిన ఓక్లహోమాను డాలస్‌లో 45–12తో చిత్తు చేశారు. అప్పట్లో మన జట్టు ఆడిన బిగ్ ట్వెల్వ్ లీగుకు హ్యూస్టన్‌లో జరిగిన ఫైనల్లో కొలరాడో మీద స్కోరు 70–3. ఇంత చేసినా దేశమంతా చెప్పుకొన్నది సదర్న్ కాలిఫోర్నియా గురించే. అందుకు కారణాలు లేకపోలేదు: పీట్ క్యారల్ శిక్షణలోని ఆ జట్టు వరసగా 34 ఆటలు గెలిచింది, దేశంలోకెల్లా ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని 2004లో గెలిచిన మ్యాట్ లైనర్ట్, 2005లో దాన్ని గెలిచిన రెజీ బుష్ ఒకే జట్టులో ఉన్నారు. లైనర్ట్ ఆ చివరి సెమిస్టర్‌లో తీసుకున్న ఒకే ఒక్క కోర్సు బాల్‌రూమ్ డాన్సింగ్ అని పత్రికలు ముచ్చటగా రాశాయి. నెలకో ప్రాజెక్టు రిపోర్టుతో సతమతమవుతున్న మాకు ఆ వార్త అంత ముచ్చటగా అనిపించలేదు. బుష్ గెలిచిన ఆ హైస్‌మన్ ఎన్నికలో మన యంగ్ రెండో స్థానంలో నిలిచాడు. ఆట ఇంకా జరగకముందే టీవీ వ్యాఖ్యాతలు, చరిత్రలోని గొప్ప జట్లలో సదర్న్ కాలిఫోర్నియా స్థానం ఎక్కడో రాత్రుల తరబడి చర్చించారు. మన కోచ్ మ్యాక్ బ్రౌన్ ఈ మాటలను తన ఆటగాళ్ల చెవిన వేసే ఉంటాడని నా నమ్మకం.

ఆట బుధవారం నాడు వచ్చింది. శీతాకాలం సెలవులు కావడంతో అమెరికన్ విద్యార్థులు చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. హైదరాబాదు టికెట్ కొనే స్తోమత లేని మాబోటివాళ్లం అపార్ట్‌మెంట్లలో మిగిలాం. ఆస్టిన్‌లో రాత్రి ఏడు దాటాక మొదలైన ఆటను చూడడానికి, ఉన్నంతలో పెద్ద టీవీ ఉన్న ఒక సీనియర్ ఇంట్లో చేరాం. పులిహోర మేము కలిపాం, చిప్స్ ఆయన తెచ్చాడు.

మొదటి సగం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ప్రత్యర్థులు దూరంగా తన్నిన బంతిని మనవాళ్లు అందుకోవడంలో జారవిడవడంతో సదర్న్ కాలిఫోర్నియా 7–0తో ముందుకు వెళ్లింది. రెండో క్వార్టర్‌లో బుష్ బంతిని అందుకుని చాలా దూరం పరుగెత్తి, ఇక పట్టుబడతాడనగా, ఏమాత్రం సిద్ధంగా లేని తన సహచరుడి వైపు బంతిని విసిరాడు. అది నేల పాలై మనకు దక్కింది. కాసేపటికి లైనర్ట్ మన గోలు గీత వెనకున్న ఎండ్ జోన్‌లోకి విసిరిన బంతిని మన మైకల్ గ్రిఫిన్ గీత అంచున పాదం ఆనించి పట్టుకున్నాడు. సగం ఆట అయ్యేసరికి మనం 16–10తో ఆధిక్యంలో ఉన్నాం. ఇక్కడ మనవాళ్లు ఒప్పుకోవలసిన విషయం ఒకటుంది. మన మొదటి టచ్‌డౌన్‌లో, సెల్విన్ యంగ్‌కు బంతి అందించేలోపే విన్స్ యంగ్ మోకాలు నేలకు తగిలింది. రిఫరీలు అది గమనించలేదు, రీప్లే కూడా పరిశీలించలేదు. లాస్ ఏంజిలిస్‌లో చదివిన మన తెలుగు మిత్రులు ఈనాటికీ దీన్ని ఎత్తిచూపుతారు. వారి మాట న్యాయమే.

రెండో సగంలో ఆధిక్యం అటూ ఇటూ మారుతూ వచ్చింది. 17–16 వాళ్లు, 23–17 మనం, 24–23 మళ్లీ వాళ్లు. నాలుగో క్వార్టర్‌లో బుష్ 26 గజాలు పరుగెత్తి గాలిలోకి ఎగిరి ఎండ్ జోన్‌లో పడ్డాడు. ఆట ముగియడానికి 6 నిమిషాల 42 సెకన్లుండగా డ్వేన్ జారెట్ పట్టిన పాస్‌తో స్కోరు 38–26 అయింది. మా గదిలో ఒకరిద్దరు చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టారు. యంగ్ మాత్రం జట్టును గబగబా ముందుకు నడిపించి, 4 నిమిషాల 3 సెకన్లుండగా 17 గజాలు తానే పరుగెత్తి తేడాను అయిదు పాయింట్లకు తగ్గించాడు. 38–33.

బంతి ఇప్పుడు వాళ్ల చేతిలో ఉంది. గడియారాన్ని కరిగిస్తూ, కొంచెం కొంచెంగా ముందుకు వస్తూ మన 45 గజాల గీతకు చేరుకున్నారు. అక్కడ మూడు డౌన్లూ అయిపోయాయి. నాలుగో డౌన్, ఇంకా రెండు గజాలు కావాలి. మిగిలిన సమయం 2 నిమిషాల 13 సెకన్లు. క్యారల్ ముందున్న దారులు రెండే. బంతిని తన్నితే, యంగ్ తన గోలు దగ్గర నుంచి ఎనభై తొంభై గజాలు రావలసి ఉంటుంది. ఆడి రెండు గజాలు సాధిస్తే మనకు బంతి తిరిగి దక్కడం దాదాపు అసాధ్యం. క్యారల్ ఆడడానికే నిశ్చయించాడు. ఓడిన తరవాత ఆ నిర్ణయాన్ని తిట్టినవాళ్లు చాలామంది. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే: అప్పటికి యంగ్‌ను ఆపగలిగినవాళ్లెవరూ వాళ్ల జట్టులో కనిపించలేదు, అలాంటివాడికి బంతి మళ్లీ ఇవ్వకుండా ఉండడమే వాళ్లకున్న ఉత్తమమైన రక్షణ. ప్రశ్నించదగినది వేరొకటి. ఆ డౌన్‌లో దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడని బహుమతి అందుకున్న బుష్ మైదానంలో లేడు, గీత బయట నిలబడి చూస్తున్నాడు. అతడు లోపల ఉంటే, బంతి ఇచ్చినా ఇవ్వకపోయినా, మనవాళ్లలో ఒకరిద్దరు అతడిని కనిపెట్టుకుని పక్కకు జరగవలసి వచ్చేది. అతడు లేకపోవడంతో బంతి ఎవరి చేతికి పోతుందో మా గదిలో అందరికీ తెలిసిపోయింది.

అది లెన్‌డేల్ వైట్ చేతికే పోయింది. వైట్ తక్కువవాడు కాదు. ఆ రాత్రి అప్పటికే మూడు టచ్‌డౌన్లు చేశాడు, ఆట మొత్తం మీద 124 గజాలు పరుగెత్తాడు, భారీ శరీరంతో మధ్యలో గుద్దుకుంటూ పోవడమే అతని పద్ధతి. వాళ్ల ముందువరస అంతా మధ్యకే దూసుకువచ్చింది, మనవాళ్లూ మధ్యలోనే గుమిగూడారు. వెనక నుంచి మైకల్ హఫ్ వచ్చి కలిశాడు. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి మధ్యగీతకు బెత్తెడు దూరంలో పడేసి పట్టినట్టు, వైట్‌ను కావలసిన గీతకు ఒక గజం ఇవతల పడగొట్టారు. రెండు కావలసిన చోట ఒకటే దక్కింది. మన 44 గజాల గీత దగ్గర, 2 నిమిషాల 9 సెకన్లుండగా, బంతి మనదైంది. ఆ రాత్రంతా 38 పాయింట్లు ఇచ్చుకున్న డిఫెన్స్ అది. అంతవరకు దాన్ని మెచ్చుకున్నవాళ్లు మాలో ఎవరూ లేరు. ఆట ముగిశాక డిఫెన్స్‌లో ఉత్తమ ఆటగాడిగా హఫ్‌నే ఎంపిక చేశారు.

తరవాతి 56 గజాల ప్రయాణం మీకు తెలిసిందే. అయినా ఒక్క సంగతి గుర్తు చేస్తాను: మూడో డౌన్, 12 గజాలు అవసరమైన చోట క్వాన్ కాస్బీ పట్టిన పాస్ 7 గజాలదే, అతణ్ణి ఆపే తొందరలో ప్రత్యర్థి అతని హెల్మెట్ ముందరి చట్రాన్ని పట్టుకోవడంతో పడిన పెనాల్టీ వల్లనే మన నడక సాగింది. బ్రయన్ కార్టర్ రెండు పాస్‌లు పట్టాడు. చివరికి 8 గజాల గీత దగ్గర నాలుగో డౌన్, అయిదు గజాలు. పాస్ వేయడానికి వెనక్కి తగ్గిన యంగ్, ఎవరూ ఖాళీగా లేకపోవడంతో కుడివైపు తిరిగి తానే ఎండ్ జోన్ చేరాడు. ఆపైన టచ్‌డౌన్ తరవాత అదనంగా దక్కే రెండు పాయింట్ల ప్రయత్నంలోనూ తానే లోపలికి వెళ్లాడు. 41–38. మిగిలిన 19 సెకన్లలో లైనర్ట్ మన సగంలోకి వచ్చాడు గానీ, అతని చివరి పాస్ ఎవరికీ అందలేదు. యంగ్ ఆ రాత్రి 200 గజాలు పరుగెత్తి, 267 గజాలు పాస్‌లతో సాధించాడు. ఎన్నో దశాబ్దాలు కళాశాల ఆటలకు వ్యాఖ్యానం చెప్పిన కీత్ జాక్సన్ గొంతు టీవీలో వినిపించిన చివరి ఆట కూడా అదే.

మేము కారులో క్యాంపస్ చేరేసరికి గ్వాడలూప్ వీధి నిండిపోయి ఉంది. సెలవుల్లో ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు. మన టవర్ మొత్తం నారింజ రంగు దీపాలతో వెలుగుతోంది, కిటికీల వెలుతురుతో దాని మీద ఒకటో అంకె దిద్దారు. అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేశాను. హైదరాబాదులో అప్పటికి మర్నాడు పొద్దెక్కింది. "ఎంతకెంతరా?" అని అడిగారు నాన్నగారు. నలభై ఒకటి, ముప్పై ఎనిమిది అన్నాను. "అన్ని గోల్సా?" అన్నారు. వివరించే ఓపిక ఆ హోరులో లేక, అవునండీ అన్నాను.

తరవాతి సంగతులు అంత ఆహ్లాదకరమైనవి కావు. బుష్ కుటుంబం ఏజెంట్ల నుంచి లబ్ధి పొందిందన్న విచారణ ఫలితంగా 2010లో సదర్న్ కాలిఫోర్నియా ఆ సీజను విజయాలన్నీ రద్దయ్యాయి. బుష్ తన హైస్‌మన్ ట్రోఫీని వదులుకున్నాడు. ఆటగాళ్లు తమ పేరు మీద చట్టబద్ధంగానే సంపాదించుకునే కాలం వచ్చాక, 2024లో దాన్ని అతనికి తిరిగి ఇచ్చారు. విశ్వవిద్యాలయాలకు కోట్ల డాలర్లు తెచ్చిపెట్టిన ఆ కుర్రాళ్లకు అప్పట్లో దక్కింది చదువు ఖర్చూ బసా భోజనమూ మాత్రమేనని తలచుకుంటే, మొదటి శిక్ష కంటే రెండో నిర్ణయమే సబబుగా తోస్తుంది.

హఫ్ 2006లోనే ఓక్లండ్ రెయిడర్స్ అనే వృత్తి జట్టులో చేరాడు. యంగ్ కూడా చదువు పూర్తి కాకుండానే టెనెసీ టైటన్స్‌కు ఆడడానికి వెళ్లిపోయాడు. కానీ తిరిగి ఆస్టిన్ వచ్చి, మిగిలిన కోర్సులు పూర్తి చేసి, 2013లో పట్టా పుచ్చుకున్నాడు. మన సంఘం సభ్యత్వ పట్టికలో పేర్లను పట్టా పొందిన ఏడాది క్రమంలో వేస్తారు కనుక, ఆ పద్ధతి ప్రకారం విన్స్ యంగ్ మా 2006 బ్యాచ్‌కు ఏడేళ్లు జూనియర్ అవుతాడు.