గుత్తికోయ గుంపు పేరు టీకాల ప్లాన్‌లో ఎక్కించడానికి నేను పడ్డ పాట్లు

భద్రాచలం ఏజెన్సీలో ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగి టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్తగా చేస్తున్నాను. మా సబ్ సెంటర్ పరిధిలో, అడవి లోపల గుత్తికోయ ఆదివాసీల గుంపు, అంటే చిన్న ఆవాసం, ఒకటి ఉంది. మొన్న శనివారం అక్కడ మొట్టమొదటిసారి టీకాల సెషన్ పెట్టాం. కాళ్ళ నొప్పులూ తగ్గలేదు, కోపమూ తగ్గలేదు. ఇదే పని నెత్తిన వేసుకున్న ఇంకో ఏఎన్ఎంకి పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

వీళ్ళెవరో తెలియనివాళ్ళకు ఒక మాట. 2005లో ఛత్తీస్‌గఢ్ దంతెవాడ వైపు మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక, అటు జుడుం ఇటు మావోయిస్టులు, మధ్యలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వేలమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చేశారు. ఆదివాసీ కుర్రాళ్ళకు తుపాకులిచ్చి ఎస్పీఓలుగా (ప్రత్యేక పోలీసు అధికారులుగా) దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా చాలామంది వెనక్కి పోలేదు. పోడు కొట్టుకుంటూ, మిరప కోతలకు పోతూ ఇక్కడే బతుకుతున్నారు. వాళ్ళ పిల్లలు ఇక్కడే పుట్టారు.

ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ తిరిగి పిల్లల్ని, గర్భిణుల్ని రాసుకున్నాం. పీహెచ్‌సీలో డాక్టర్ గారు చదివి సంతకం పెట్టేశారు. ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

అసలు కథ పై ఆఫీసులో మొదలైంది. ఎక్కడెక్కడ టీకాల సెషన్లు పెట్టాలో రాసే మైక్రోప్లాన్‌లో పేరుంటేనే ఆ చోటికి వ్యాక్సిన్ కేటాయిస్తారు. అక్కడి ఉద్యోగి నా కాగితం చూసి, "ఊరి కోడ్ ఏదమ్మా?" అన్నారు. రిజర్వు ఫారెస్టులో ఉన్న గుంపుకి రెవెన్యూ కోడ్ ఎక్కడి నుంచి తెస్తాను? అదే చెప్పాను. "కోడ్ లేకపోతే ఊరు లేనట్టే. ఫారెస్టు వాళ్ళ లెటర్ పట్రా" అన్నారు. అక్కడికెళ్తే, "మేం లెటర్ ఇస్తే అక్కడ ఊరుందని మేమే ఒప్పుకున్నట్టవుతుంది" అని పంపించేశారు. పైగా నా లిస్టు జిరాక్స్ కావాలన్నారు. ఇవ్వలేదు. టీకాల కోసం అమ్మలు చెప్పిన పేర్లు రేపు గుడిసెలు పీకడానికి వాడితే, ఇంకెప్పుడైనా నా ముందుకు బిడ్డను తెస్తారా? మీరూ ఇవ్వకండి. బయటి ఆఫీసులకు అంకెలు చెప్పండి, పేర్లు మాత్రం మీ రిజిస్టర్ దాటకూడదు.

మళ్ళీ మొదటి టేబుల్ దగ్గరికే వెళ్ళాను. కూర్చోమని కూడా అనలేదు. ఈసారి ఆయన గొంతు పెంచి, "నువ్వెందుకింత పట్టుబడుతున్నావు? మందులు ఆ పిల్లలకేనా, అడవిలో ఇంకెవరికైనా పోతున్నాయా?" అన్నారు. పక్క టేబుళ్ళవాళ్ళు తలెత్తి చూశారు. వేరే చోట అయితే ఇది ఒట్టి నోటి దురుసు. మా ఏరియాలో ఆ మాటకు మావోయిస్టులకని అర్థం, అది ఊరికే పోదు. ఎవరో ఒకరు మోసుకెళ్తారు, తెల్లారేసరికి స్టేషన్ నుంచి పిలుపొస్తుంది. నాది కాంట్రాక్టు ఉద్యోగం. చేతులు వణికాయి. అయినా బ్యాగులోంచి స్టాక్ రిజిస్టర్ తీసి ఆయన ముందు పెట్టి, "ఒక్క మాత్రకు లెక్క తప్పినా ఇప్పుడే రాసివ్వండి సార్" అన్నాను. ఆయన తెరవలేదు. నా రిజిస్టర్‌లో తప్పు పట్టగలిగినవాళ్ళు ఇంతవరకూ లేరు, గర్వంగానే చెబుతున్నాను.

అప్పుడే ఆ టేబుల్ మీదున్న ఫైల్లో ఇటుక బట్టీల సెషన్లు కనిపించాయి. "బట్టీకి ఏ కోడ్ ఉంది సార్?" అని అడిగాను. జవాబు లేదు. ఇటుక బట్టీలు, సంచార జాతుల గుడారాలు, వలస కూలీల ఆవాసాలు, ఇవన్నీ హైరిస్క్ ఏరియా, అంటే పిల్లలకు టీకాలు తప్పిపోయే ప్రమాదం ఎక్కువున్న చోటు, కిందికే వస్తాయి. వాటిని దగ్గరి ఊరికి కలిపి ప్లాన్‌లో రాయొచ్చు. డాక్టర్ గారితో అదే రాయించి తెచ్చాను, ఎక్కింది. కాబట్టి మీరు 'కొత్త ఊరు' అని రాయకండి, 'వలస కుటుంబాల హైరిస్క్ ఏరియా' అని రాయండి. ఆధార్ లేదని ఎవరైనా అడ్డం పడితే, టీకాకి ఆధార్ తప్పనిసరి కాదని గట్టిగా చెప్పండి. బిడ్డకు టీకా వేయడానికి వాళ్ళ అమ్మానాన్నలు ఏ రాష్ట్రం నుంచి వచ్చారో ఎందుకు? తట్టు సరిహద్దు చూసుకుని ఆగదు.

మిగతాది నడక. ఐస్ ప్యాకులు ఫ్రీజర్‌లోంచి తీసి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినబడేదాకా ఆగి, అప్పుడు వ్యాక్సిన్ మోసుకెళ్ళే క్యారియర్ పెట్టెలో పెట్టాను. గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే పెడితే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా) పాడైపోతుంది. దారిలో చెకింగ్ దగ్గర మూత తీసి చూపించమన్నారు, చూపించి వెంటనే మూసేశాను. వాగు దాటేటప్పుడు క్యారియర్ నెత్తిన పెట్టుకున్నాను.

మొదట ఎవరూ రాలేదు. ఆశ్రమ పాఠశాలలో చదివే ఒక పాప మా మాటలు వాళ్ళ భాషలో చెప్పింది. గుంపు పెద్ద తన మనవరాలిని తెచ్చి నా ముందు కూర్చోబెట్టాకే మిగతా అమ్మలు కదిలారు. ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వయల్ కలిపాక నాలుగు గంటల్లోపే వాడాలి కాబట్టి, పిల్లలందరూ వచ్చేదాకా దాన్ని తెరవలేదు. మూడేళ్ళ బాబుకి ఒళ్ళు కాలిపోతోంది. మలేరియాకి అక్కడికక్కడే చేసే ఆర్‌డీటీ పరీక్ష చేస్తే ఫాల్సిపారం (ప్రమాదకరమైన మలేరియా రకం) గీత స్పష్టంగా వచ్చింది. పసుపు రంగు ప్యాకెట్‌లోని మొదటి రోజు మాత్రలు పొడి చేసి నా ఎదురుగానే తాగించాను. మిగతా రెండు రోజులవి వేయించే పని ఆ పాపకే అప్పగించాను.

పెంటా రెండో డోసుకి కనీసం నాలుగు వారాలు ఆగాలి. ఆ తేదీ అమ్మల కార్డుల మీద రాశాను, వ్యాక్సిన్ ఇండెంట్ ఈ రోజే పెట్టేశాను. ఈసారి ఆ టేబుల్ దగ్గర ఎవరూ కోడ్ అడగలేదు.