స్టీమింజను దారిలో నిలబడితే తప్పు షెడ్డులో వెతకాలి

బెజవాడ స్టీము రోజుల ముచ్చట ఎవరెత్తినా డ్రైవరు దగ్గర మొదలై డ్రైవరు దగ్గరే ఆగుతుంది. మద్రాసు, వాల్తేరు, కాజీపేట లైన్లు, వాటి పక్కన మీటర్‌గేజీ, అప్పట్లో ఇన్ని కలిసిన జంక్షన్ ఇది. ఇక్కడి నుంచి బయల్దేరిన బండి స్టీము చాలక దారిలో నిలబడిందంటే, ఆ తప్పు చాలాసార్లు ఇంజన్లను కడిగి సిద్ధం చేసే షెడ్డులోనే జరిగి ఉండేది.

బండి దించి వచ్చిన ఇంజనును బూడిద గొయ్యి మీద నిలిపేవారు. సింగరేణి బొగ్గుకు బూడిదెక్కువ. అది కరిగి చిట్టెంలా, నిప్పు కింద ఉండే ఇనప జల్లెడకు, అంటే గ్రేటుకు అంటుకుంటే గాలి ఆడదు, నిప్పు రాజుకోదు. పొడవాటి ఇనపకడ్డీలతో దాన్ని పెళ్లగించి లాగాలి. మే నెల బెజవాడ ఎండలో ఆ పని ఎలా ఉండేదో వేరే చెప్పాలా! ముందువైపు పొగ చేరే స్మోక్‌బాక్స్‌లో పోగైన బొగ్గునుసి తోడేశాక తలుపు గాలి చొరకుండా బిగించాలి. సందు ఉంటే లాగుడు తగ్గిపోతుంది, లోపల మిగిలిన నుసి అంటుకుని తలుపు రేకు వంకరపోతుంది.

అన్నిటికన్నా ఓపిక కావలసింది బాయిలర్ వాషౌట్, అంటే లోపల కడగడం. వేడి బాయిలర్లోకి చన్నీళ్లు కొడితే ట్యూబులు కారతాయి, రేకుల్ని కలిపి పట్టి ఉంచే కడ్డీలు (స్టేలు) పగులుతాయి. అందుకే ముందు మెల్లగా చల్లారనివ్వాలి. తర్వాత ప్లగ్గులు విప్పి, పైపుతో నీళ్లు కొడుతూ, కడ్డీలతో గీకుతూ బురద, నీళ్లలోని ఉప్పు పేరుకున్న పొక్కు తీయాలి. అడుగున నిప్పుండే ఫైర్‌బాక్స్ చుట్టూ బురద మిగిలితే అక్కడి రేకుకు నీళ్లు తగలక కాలిపోతుంది. ఫైర్‌బాక్స్ నెత్తిన ఉండే లెడ్ ప్లగ్గునూ చూడాలి. నీళ్లు తగ్గినప్పుడు సీసం కరిగి, స్టీము నిప్పు మీదికి చిమ్మి హెచ్చరించడం దాని పని. పైన పొక్కు కడితే వేళకు కరగదు. 1947 నుంచి వచ్చిన డబ్ల్యుపి రకం ఇంజన్లలో స్టీము ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌన్లు. అంత ఒత్తిడితో ఆటలాడకూడదు.

చల్లారిన ఇంజనుకు నిప్పు పెట్టాలంటే కట్టెలు, నూనెలో తడిపిన కాటన్ వేస్టు కావాలి, లేదా పక్క ఇంజను నుంచి పారెడు నిప్పు తేవాలి. స్టీము లేవడానికి గంటలు పడుతుంది. తొందరపెడితే బాయిలర్ ఒకచోట ముందు, ఒకచోట వెనక సాగి కీళ్లు వదులవుతాయి.

బొగ్గు వేసే ఫైర్‌మన్ ఇంజనెక్కగానే ముందు చూడాల్సింది నిప్పు కాదు, బాయిలర్లో నీటిమట్టం చూపే గాజుగొట్టం, గేజ్ గ్లాసు. దాని కుళాయిలు మూసి, డ్రెయిన్ వదిలి కట్టేసి, కుళాయిలు మళ్లీ తెరిస్తే నీళ్లు చటుక్కున పైకి రావాలి. మెల్లగా వచ్చాయంటే దారి పూడుకుంది, ఆ గ్లాసు చూపించే మట్టం అబద్ధం. బొగ్గు కొద్దికొద్దిగా, మాటిమాటికీ వేయాలి. గొట్టంలోంచి నల్లపొగ వస్తుంటే బొగ్గు వృథా అవుతున్నట్టే.

క్లీనరుగా చేరినవాడు సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్, షంటరు మెట్లన్నీ ఎక్కితేగాని డ్రైవరు కాడు. అయినా ఆ డ్రైవరును అర్ధరాత్రి క్వార్టర్సుకు వెళ్లి లేపేది కాల్‌బాయే. తలుపు తట్టి కేకేసి వస్తే సరిపోదు. బండి నంబరు, వేళ రాసిన కాల్ బుక్కులో సంతకం పెట్టించుకునే రావాలి, కబురే అందలేదని తెల్లారి ఎవరూ అనకుండా.