సినిమా కోసం క్రైమ్ సీన్ ఫోటోలు: నిజంలా ఉండాలంటే

దర్యాప్తు కథ అనగానే ఎస్‌ఐ బల్ల మీద ఫోటోలు పరిచే సీను ఒకటి ఉండి తీరుతుంది. ఆ ఫోటోలు చాలాసార్లు పోస్టర్ స్టిల్స్‌లా ఉంటాయి: నీలం లైటు, వెనకంతా మసక, శవం ముఖం మీద అందమైన నీడ. క్లూస్ టీం ఫోటోగ్రాఫరు అలా తియ్యడు. చూసేవాణ్ణి భయపెట్టడం ఆయన పని కాదు. రేపు కోర్టులో డిఫెన్స్ లాయరు వంక పెట్టకుండా ఉన్నది ఉన్నట్టు చూపించాలి. ఫోటోలో అందం తగ్గేకొద్దీ నమ్మకం పెరుగుతుంది.

ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అయితే 50 ఎంఎం లెన్సు, చిన్న సెన్సరుదైతే 35. ఎపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే కన్నం) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య పెట్టండి, గుమ్మంలోని చెప్పుల నుంచి గోడ మీది క్యాలెండరు దాకా అన్నీ స్పష్టంగా రావాలి. గదంతా చూపే ఫోటోలు నిలబడిన మనిషి కంటి ఎత్తులోనే తియ్యాలి. ఫ్లాష్ కెమెరా మీదే, తిన్నగా. దగ్గరి వస్తువులు కాస్త తెల్లబోతాయి, వెనక గోడ చీకటిగా వస్తుంది, అలాగే రానివ్వండి. తర్వాత కలర్ గ్రేడింగ్ జోలికి పోవద్దు.

ఒక్క ఫోటో ఎంత బాగా కుదిరినా ఫైలు నిజమనిపించదు, వరుస ఉండాలి. ముందు గది నాలుగు మూలల నుంచి, ఒకదాంట్లో కనిపించిన వస్తువు పక్కదాంట్లోనూ పడేలా. తర్వాత మధ్య దూరం: కత్తితోపాటు మంచం కోడో తలుపు చట్రమో ఫ్రేములో ఉంటే అది ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఆఖర్న క్లోజప్, ముందు స్కేలు లేకుండా, తర్వాత స్కేలుతో. నంబరు మార్కర్లు ముందే పెట్టేస్తే చిక్కు. మార్కర్లు తీసేసేటప్పుడు వస్తువు కదులుతుంది, రెండు ఫోటోలకీ పొంతన పోతుంది. కాబట్టి మార్కర్లు లేని ఫోటోలన్నీ ముందు ముగించండి. గోడ గడియారం ఫ్రేములో ఉంటే దాని ముళ్లు కూడా ఈ వరుసలోనే ముందుకు జరగాలి.

ఎల్ ఆకారపు స్కేలు ప్రింటు తీసుకునేవాళ్లు ప్రింటర్ సెట్టింగులో సైజు 100 శాతం ఉందో లేదో చూసుకోండి. పేజీకి సరిపెట్టమని వదిలేస్తే సెంటీమీటరు కుంచించుకుపోతుంది. మెరిసే లామినేషన్ వేస్తే ఫ్లాష్ వెలుగు తిరిగి కొట్టి అంకెలు కనపడవు, మ్యాట్ వేయించండి. స్కేలు మీది వలయాలు ఫోటోలో కోలగా వచ్చాయంటే కెమెరా వాలిందన్నమాట. బురదలో పాదముద్ర 2 సెం.మీ. లోతుంటే స్కేలును కూడా పక్కన మట్టి తీసి అంతే లోతులో పెట్టాలి. పైన పెడితే కొలత తప్పుతుంది. పాదముద్రకు మాత్రం ఫ్లాష్ కెమెరా మీంచి దించి, నేలకు దగ్గరగా పక్కనుంచి కొట్టాలి. ఎండ ఉంటే గొడుగు అడ్డం పెట్టండి.

ఎక్కువగా దొరికిపోయేది రక్తం దగ్గరే. లిక్విడ్ గ్లూకోజ్‌లో నాలుగో వంతు నీళ్లు, ఎర్ర ఫుడ్ కలరు, చెంచా కోకో పొడి కలిపితే తాజా రక్తానికి సరిపోతుంది. కానీ గ్లూకోజ్ ఆరదు, రాత్రంతా ఉంచినా ఫ్లాష్ పడగానే మెరుస్తుంది. హత్య నిన్న జరిగిందని కథలో ఉంటే ఆ మెరుపు అబద్ధం చెబుతుంది. ఆరిన మరకకు మ్యాట్ ఆక్రిలిక్ వాడండి: ముదురు గోధుమ రంగులో కొద్దిగా ఎరుపు. నిజం మరక అంచుల దగ్గర ముందు ఆరుతుంది కాబట్టి అంచు గీత కాస్త ముదురుగా ఉండాలి.

గోడ మీది చుక్కలకు లెక్క ఉంది. చుక్క వెడల్పును పొడవుతో భాగిస్తే వచ్చేది తగిలిన కోణానికి సైన్ విలువ. వెడల్పు పొడవులో సగం ఉంటే 30 డిగ్రీలు. తోక రక్తం వెళ్లిన దిక్కు చూపిస్తుంది. ఆర్ట్ డిపార్ట్‌మెంటు కుర్రాళ్లు వీలున్న చోట నిలబడి బ్రష్ విదిలిస్తారు, తోకలన్నీ ఎటో తిరిగిపోతాయి. కథలో దెబ్బ తగిలినవాడు ఎక్కడున్నాడో అక్కడే నిలబడి, అంతే ఎత్తు నుంచి విదిలించాలి. అతనికీ గోడకీ మధ్య కుర్చీ ఉండి ఉంటే దాని వెనక గోడ ఖాళీగా ఉండాలి. కొన్ని గంటలుగా వెల్లకిలా పడున్న శవానికి వీపున ఊదా రంగు దిగుతుంది, నేలకు ఆనిన భుజాల ఎముకల దగ్గర మాత్రం తెల్లగా ఉంటుంది. మేకప్‌వాళ్లకు ఈ మాట ముందే చెప్పండి.

కాలం కూడా చూసుకోండి. 2024 జూలై 1 తర్వాతి కథలో ఫోటోలు మాత్రమే చాలవు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం తతంగాన్ని ఆడియో వీడియో తియ్యాలి, కాబట్టి ఒక కానిస్టేబుల్ చేతిలో ఫోను ఉండాల్సిందే. తొంభైల కథైతే స్టూడియోలో కడిగించిన 4×6 గ్లాసీ ప్రింట్లు చాలు.

ప్రింటు వెనక “షూటింగ్ ప్రాప్” అని, సినిమా పేరు, తేదీ రాయండి. ఫైళ్లు మాత్రం యూనిట్ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఇంత జాగ్రత్తగా తీసిన ఫోటో ఒకసారి బయటికి పోతే ఏదో ఊళ్లో నిజంగా హత్య జరిగిందని తిరుగుతుంది. సెట్‌కు ప్రింట్లే ఇవ్వండి, షూటింగ్ కాగానే లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి.