పడమటి హాలుకు ఏ రంగు వేయాలి?

హైదరాబాదు తార్నాకలోని మా ఫ్లాటుకు దసరాలోపు రంగులు వేయించాలని ఇంట్లో అనుకున్న నాటి నుంచి భోజనాల బల్ల మీద షేడ్ కార్డులు తిష్ఠ వేశాయి. దుకాణంవారు ఇచ్చిన పెద్ద పుస్తకాన్ని విసనకర్రలాగా విప్పితే వందలకొద్దీ రంగులు, ఒక్కొక్క దానికి ఒక ముద్దుపేరు, ఒక సంఖ్య కనిపిస్తాయి. ముద్దుపేర్లు అమ్మకం కోసం పెట్టినవి, కంపెనీని బట్టి మారిపోయేవి. కాబట్టి వాటికి లొంగకుండా సంఖ్యలను రాసుకోవడమే మేలు. అసలు గదికి రంగు ఎంచేటప్పుడు పుస్తకం విప్పడం చివరి పనిగా ఉండాలని నా అభిప్రాయం. ఆ గదిలోకి వెలుగు ఏ దిక్కు నుంచి వస్తుంది, ఏ వేళకు వస్తుంది, దారిలో దేనికి తగిలి వస్తుంది అనే మూడు సంగతులు తెలియకుండా కార్డు మీద వేలు పెట్టినవారు, ఆ రంగును దుకాణం ట్యూబులైటు కింద చూసి కొన్నట్టే లెక్క.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం చలి దేశాల్లో పుట్టినవి. ఉత్తరపు గదిలో వెలుగు ఎప్పుడూ నీలంగా, చల్లగా ఉంటుందని, అక్కడ పసుపు ఛాయలు వేయాలని, దక్షిణపు గదిలో ఏ రంగైనా నప్పుతుందని వాటి సారాంశం. సూర్యుడు మధ్యాహ్నం వేళ ఏనాడూ ఉత్తరానికి పోని చోట్లకు అది సరిపోతుంది. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివరలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే నిలుస్తాడు కనుక దక్షిణపు కిటికీ గుండా ఎండ గది లోపలికి చాలా దూరం వస్తుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు మాత్రం ఆయన నడినెత్తి దాటి కొంచెం ఉత్తరంగా నడుస్తాడు కనుక అదే కిటికీలో మధ్యాహ్నం ఎండ పొడ కూడా కనిపించదు. ఆ నెలల్లో ఉత్తరపు గోడకే పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. అంటే మన ఊళ్లో ఒకే గదికి చలికాలపు వెలుగు వేరు, వేసవి వెలుగు వేరు.

దీనికి మా ఉత్తరపు పడకగది మంచి నిదర్శనం. ఆ కిటికీకి ఎదురుగా, సందుకు అవతల ఉన్న అపార్ట్‌మెంటు గోడకు ఎవరో సాహసికులు ఇటుక నారింజ రంగు వేయించారు. అది దక్షిణం వైపు తిరిగిన గోడ. సంక్రాంతి రోజుల్లో ఎండ దాని మీద నిండుగా పడి అక్కడి నుంచి మా గదిలోకి ప్రతిఫలిస్తుంది. అప్పుడు మా తెల్లని సీలింగు, ముఖ్యంగా కిటికీ దగ్గరి రెండు మూడు అడుగుల మేర, పల్చని నారింజ కాంతితో మెరుస్తుంది. జూన్‌లో ఆ గోడకు మధ్యాహ్నపు ఎండే లేదు కనుక సీలింగు మళ్లీ మామూలు తెలుపుకు వస్తుంది. ఇంటర్నెట్ సలహా పట్టుకొని ఈ గదికి వెచ్చని పీచు రంగు వేస్తే చలికాలమంతా నారింజ మీద నారింజ పేర్చినట్లవుతుంది. అందుకని ఇక్కడ కొద్దిగా ఆకుపచ్చ జాడ ఉన్న లేత బూడిద రంగును ఎంచాము. ఎదుటివారి గోడ మన అధీనంలో లేదు గానీ, దాని వెలుగు మన గోడ మీద ఎలా పడుతుందో లెక్కలోకి తీసుకోవడం మన చేతిలోనే ఉంది. కిటికీ బయట వేపచెట్టు ఉన్నవారికి ఇదే చిక్కు పచ్చగా ఎదురవుతుంది.

ఇక అసలు సమస్య పడమటి హాలుది. మా ఇంటికి దగ్గరలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కళాశాల ఉంది. 1939లో ప్రారంభమైన ఆ భవనాన్ని గులాబీ ఛాయ గల గ్రానైటుతో కట్టారు. ఉదయపు నడకకు వెళ్లేవారికి ఆ రాయి మెత్తని గులాబీగా, మధ్యాహ్నం బస్సులో పోయేవారికి వెలిసిన బూడిదగా, పొద్దు వాలే వేళకు రాగిగా కనిపిస్తుంది. రాయి మారలేదు, పొద్దు మారింది. ఒక మహా భవనమే ఇన్ని వేషాలు వేస్తుంటే మా హాలు గోడ ఒక్క రంగు మీద నిలబడుతుందని ఆశించడం అత్యాశే. మా హాలును మేము వాడేది ఎక్కువగా సాయంత్రం నాలుగు తరువాత. సరిగ్గా అప్పుడే బాల్కనీ తలుపు గుండా పసుపు పచ్చని ఎండ నేరుగా లోపలికి వస్తుంది. ఆ ఎండలో మీగడ రంగు వెన్న రంగవుతుంది, వెన్న రంగు మామిడిపండు రంగవుతుంది. మా అత్తగారికి పసుపు ఛాయలంటే ఇష్టం. "అత్తయ్యా, సాయంత్రం ఆ సూర్యుడే మన గోడకు పసుపు పూస్తాడు, మళ్లీ మనం కొని పూయడం ఎందుకు?" అని నేను అంటే, "అయితే పొద్దున పూట వెలవెలబోతూ ఉండాలా?" అని ఆమె అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పడమటి గది ఉదయమంతా నీడలో ఉంటుంది కనుక, బొత్తిగా చల్లని రంగు వేస్తే మధ్యాహ్నం దాకా ముసురు పట్టినట్లుంటుంది. చివరకు ఇసుక రంగుకు కాస్త బూడిద కలిసిన ఒక లేత ఛాయ ఉదయానికీ సాయంత్రానికీ మధ్య రాజీగా నిలిచింది.

గోడల గురించి మాట్లాడేవారు నేలను మరచిపోతారు. గదిలో గోడ తరువాత కంటికి ఎక్కువగా కనిపించేది నేలే; పైగా కిటికీ నుంచి వచ్చిన ఎండ ముందు పడేది దాని మీదనే, అక్కడి నుంచి ఎగసి గోడల కింది భాగాన్ని తడిపేదీ అదే. పాత ఇళ్లలోని నీలి బూడిద రంగు తాండూరు బండలకు నప్పే గోడరంగు, కొత్త ఫ్లాట్లలోని దంతపు ఛాయ టైల్స్‌కు నప్పదు. మా టైల్స్‌లో పసుపు జాడ ఉంది కాబట్టి వాటి పక్కన నీలం కలిసిన తెలుపు పెడితే నేల మాసిపోయినట్లు కనిపిస్తుంది. టేకు తలుపుల ఎర్రని పాలిషు, మార్చే ఉద్దేశం లేని సోఫా, పరదాలు కూడా ఈ లెక్కలోనివే. గోడరంగును ఎప్పుడైనా మార్చుకోవచ్చు, టైల్స్ మార్చడం తేలిక కాదు. కనుక సర్దుకోవలసినది గోడే.

తెలుపును ఎంచడమే అన్నిటికంటే కష్టమని చాలామందికి నమ్మకం కలగదు. సున్నం వేసే రోజుల్లో పెద్దవాళ్లు అందులో కాస్త నీలిమందు కలిపేవారు. సున్నంలోని పసుపు జాడను ఆ నీలం విరిచేసి గోడను మరింత తెల్లగా చూపించేది. ఇప్పటి తెలుపులన్నిటిలోనూ అలాంటి జాడ ఏదో ఒకటి ఉంటుంది: కొన్నిటిలో పసుపు, కొన్నిటిలో గులాబీ, కొన్నిటిలో ఆకుపచ్చ. ఒక్కొక్కటి విడిగా చూస్తే అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. జాడను పట్టుకోవడానికి రెండు సులువైన దారులున్నాయి. ప్రింటరులో వాడే తెల్లకాగితాన్ని పక్కన పెట్టి చూడడం ఒకటి. కార్డులో ఆ తెలుపు ఉన్న పట్టీలోని అన్నిటికంటే ముదురు రంగును చూడడం రెండోది, ఎందుకంటే సాధారణంగా ఒక పట్టీలోని రంగులన్నీ ఒకే కుటుంబానివి, లేతదానిలో దాగినది ముదురుదానిలో బయటపడుతుంది. వెలుగు తక్కువగా వచ్చే గదికి తెల్లరంగు వేస్తే వెలుగొస్తుందన్నది కూడా పూర్తి నిజం కాదు. గోడ తన మీద పడిన వెలుగును తిప్పి పంపుతుందే తప్ప పుట్టించదు. కొన్ని కంపెనీలు తమ రంగుల వివరాల్లో లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ అని సున్నా నుంచి వంద వరకు ఒక అంకె ఇస్తాయి. అది ఎంత ఎక్కువగా ఉంటే అంత వెలుగు గోడ నుంచి తిరిగివస్తుంది. అసలు పడేదే కొంచెమైనప్పుడు ఎనభై దాటిన తెలుపు కూడా మూలల్లో బూడిదగా తేలుతుంది. అటువంటి గదికి, సీలింగు తెల్లగా ఉంచి, గోడలకు కాస్త వెచ్చదనం ఉన్న నడిమి రంగు వేయడమే నాకు నచ్చుతుంది.

మేస్త్రీ ఈ సంగతులన్నీ నాకంటే తక్కువ మాటల్లో చెప్పాడు. "మేడం, కార్డు మీద చూసినట్టు గోడ మీద ఉండదు. గోడకు పడ్డంక ఇంక కొట్టొచ్చినట్టు కనబడ్తది. ఒక మెట్టు లేతది తీసుకోండ్రి." దీనికి కారణం ఉంది: నాలుగు గోడలూ ఒకదానికొకటి ఎదురుగా ఉండడం వల్ల ఒక గోడ నుంచి బయలుదేరిన రంగు వెలుగు మరొక గోడకు తగిలి, అక్కడ మరికొంత రంగును పులుముకొని తిరిగివస్తుంది, మూలల్లో ఇది మరీ చిక్కబడుతుంది. రెండు అంగుళాల కార్డు ముక్కకు ఎదురుగోడ లేదు.

అందుకే చిన్న డబ్బాలో శాంపిల్ రంగు తెచ్చి ప్రయత్నించాలి, అయితే పాత గోడ మీద కాదు. మా పాత గోడలు పిస్తా రంగువి. దాని మీద మీగడ రంగు పూసి చూస్తే ఎవరి కంటికైనా గులాబీ జాడ కనిపిస్తుంది, అది డబ్బాలో లేని గులాబీ. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం పనులు చూసిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయట. పరీక్షించి చూస్తే లోపం అద్దకంలో లేదు, ఆ నలుపు పక్కన నేసిన రంగులు కంటిని ఏమారుస్తున్నాయని ఆయన తేల్చాడు. పిస్తా గోడ చేసే పనీ అదే. కనుక రెండడుగుల అట్టముక్కలకు ప్రైమర్ కొట్టి, రంగు రెండు పూతలు వేసి, చుట్టూ తెల్లని అంచు వదిలి, పూర్తిగా ఆరనివ్వాలి. ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడరంగు) తడిగా ఉన్నప్పుడు లేతగా, ఆరాక కొంత ముదురుగా కనిపిస్తుంది. అట్టను నేల మీద పరచి చూడడం వృథా. గోడకు ఆనించి నిలబెట్టి, కిటికీ పక్కన ఒకసారి, కిటికీ ఎదురుగోడ మీద ఒకసారి, పొద్దున, మధ్యాహ్నం, లైట్లు వేశాక చూడాలి.

లైట్ల మాట వచ్చింది కాబట్టి, వాటిని రంగు కంటే ముందే నిర్ణయించుకోవాలి. బల్బు కాంతి పసుపా, తెలుపా అని తెలిపే, పెట్టె మీది కెల్విన్ల అంకె రాత్రిపూట గోడరంగును శాసిస్తుంది. మన ఇళ్లలో మామూలుగా కనిపించే 6500 కెల్విన్ల తెల్లని ఎల్‌ఈడీ కింద ఇసుక రంగు కాస్త పాలిపోతుంది. 3000 కెల్విన్ల పసుపు కాంతి కింద అదే గోడ తేనె పూసినట్లు నిండుగా కనిపిస్తుంది, లేత నీలాలు మాత్రం మసకబారతాయి. హాలుకు నేను 4000 కెల్విన్ల బల్బులు పెట్టించాను. వాటి సీఆర్ఐ (బల్బు కాంతి రంగులను ఎంత సహజంగా చూపుతుందో తెలిపే అంకె) 90 దాటి ఉంటే రంగులు సహజంగా కనిపిస్తాయి, ధర కొంచెం ఎక్కువ.

వంటగది మాకు ఆగ్నేయంలోనే ఉంది, కనుక మా బావగారు తమ వాస్తు పట్టీ ప్రకారం అక్కడ నారింజ గానీ ఎరుపు గానీ ఉండాలని సూచించారు. పట్టీలు పంతులుకొక తీరుగా ఉంటాయని నేను అనలేదు. వంటగదిలో టైల్స్, అల్మరాలు పోగా మిగిలే గోడ మూరెడు. దానికి లేత పీచు వేయిస్తే బావగారి మాటా దక్కింది, కూర తరిగేటప్పుడు కావలసిన వెలుగూ దక్కింది. పిల్లల గదికి వాళ్లు అడిగిన నీలమే, ఒక మెట్టు తగ్గించి.

ముదురు రంగు ఒక గోడకు వేయించాలనుకునేవారు ఖర్చు కూడా చూసుకోవాలి. పాత రంగును కప్పే శక్తి ముఖ్యంగా టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడిది. ముదురు రంగులు కలపడానికి తీసుకునే మూల పెయింటు, అంటే బేస్‌లో అది తక్కువగా ఉంటుంది కాబట్టి ఎరుపు, నిండు పసుపు వంటివి రెండు పూతలతో తీరవు. మెరుపు రంగులు తుడవడానికి తేలిక, కానీ ఏటవాలు ఎండ పడే గోడ మీద లప్పంలోని ప్రతి ఎగుడుదిగుడునూ బయటపెడతాయి. మా పడమటి హాలుకు అందుకే మెరుపు లేనిది ఎంచాము. చెమ్మ ఉన్న గోడకు ఏ రంగూ నిలవదు, ముందు నీటి దారి మూయించాలి. సీసం విషయంలో, ఇంటి రంగుల్లో అది పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి దేశంలో అమలులో ఉంది. చిన్నపిల్లలున్నవారు డబ్బా మీద ఆ మాట చదివి కొనాలి, పాత రంగును పొడిగా గీకేటప్పుడు పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు.

ఒక గదికి రెండు మూడు డబ్బాలు పడితే వాటన్నిటినీ పెద్ద బకెట్టులో కలిపి వేయమని మేస్త్రీకి ముందే చెప్పాలి, ఎందుకంటే మిషన్ కలిపిన రంగే అయినా డబ్బాకూ డబ్బాకూ వెంట్రుకవాసి తేడా రావచ్చు. మూత మీద అంటించే చీటీలో రంగు సంఖ్య, రకం, బేస్ అన్నీ ఉంటాయి. దానిని ఫోటో తీసుకొని, మిగిలిన రంగును చిన్న డబ్బాలో బిగించి అటక మీద పెట్టించాలి. తరువాత మేకు తీసిన చోటో, సోఫా గీసుకున్న చోటో అద్దవలసి వస్తే, గోడకు మొదట రోలర్ వాడి ఉంటే అద్దడానికీ చిన్న రోలరే వాడాలి. కుంచెతో అద్దితే రంగు అదే అయినా దాని గీతల మీద వెలుగు వేరుగా పడి, సాయంత్రపు ఎండలో ఆ మరక ఎదుటి సోఫాలో కూర్చున్న చుట్టానికి మొదట కనిపిస్తుంది.