మెదడు మీద కత్తి పెట్టే ముందు ఏం చూడాలి: నా అనుభవం

మెదడు డిసెక్షన్‌లో నాకు బాగా వంటబట్టిన సంగతి ఒకటే: కోత పడ్డాక వెనక్కి పోలేం. ఒక కోత ఒక నిర్మాణాన్ని చూపిస్తే, ఇంకో రెండిటిని పాడుచేస్తుంది. అందుకే ఏది ముందు చూడాలో, ఏది తర్వాత కోయాలో మెదడు నిల్వ ఉంచిన డబ్బా మూత తీయకముందే ఖాయం చేసుకుంటాను.

పచ్చి మెదడును బల్ల మీద పెడితే తన బరువుకి తనే అణిగిపోతుంది. పుర్రెలో దానికి ఆ బాధ లేదు. చుట్టూ ఉండే మస్తిష్క మేరు ద్రవంలో తేలుతుంటుంది కాబట్టి దాదాపు 1400 గ్రాముల మెదడు అక్కడ 50 గ్రాముల బరువే మోపుతుంది. ఆ తేలియాడే స్థితినే డబ్బాలోనూ కల్పించాలి. మెదడు అడుగున నడిమధ్యలో ఉండే బేసిలార్ ధమని కిందుగా దారం దూర్చి, కణజాలాన్ని గట్టిపరిచే 10 శాతం ఫార్మలిన్‌లో తలకిందులుగా వేలాడదీస్తాను. అడుగుకి ఆనితే ఆ వైపు చదునైపోతుంది, మడతలు నొక్కుకుపోతాయి. రెండు మూడు వారాలు ఓపిక పట్టాల్సిందే. ఫార్మలిన్ బయటినుంచి లోపలికి మెల్లగా ఇంకుతుంది. తొందరపడి కోస్తే పైన గట్టిగా, నడిమధ్యలో గులాబీరంగు ముద్దలా ఉంటుంది. కత్తి అక్కడికి రాగానే చీల్చుకుంటూ పోతుంది.

కోసే ముందు, ఫార్మలిన్ ఘాటు తగ్గేలా, రాత్రంతా పారే నీళ్లలో ఉంచుతాను. అయినా గ్లవ్స్, కళ్లద్దాలు, గాలాడే గది తప్పవు. కళ్లు మండుతుంటే నాడుల దగ్గర చెయ్యి తొందరపడుతుంది.

మొదట చూసేది అడుగుభాగం. మెడ నుంచి వచ్చే రెండు వెర్టిబ్రల్ ధమనులు పాన్స్ (మెదడు కాండంలో ఉబ్బెత్తుగా ఉండే మధ్యభాగం) కింది అంచు దగ్గర కలిసి బేసిలార్ అవుతాయి. అది పాన్స్ పై అంచు దగ్గర మళ్లీ రెండుగా చీలుతుంది. మెదడు అడుగున ధమనులు కలిసి ఏర్పడే విల్లిస్ వలయం పుస్తకంలో గీసినంత చక్కగా ఉంటుందని ఆశపడొద్దు. ఒక పక్క ఆ వలయంలోని పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని దారంలా సన్నబడి ఉండటం మామూలే. అది తెగిపోయిందనుకుని వెతుక్కునేవాళ్లు ఎక్కువ. రక్తనాళాలు తీసేయకముందే ఇంకొకటి చూడాలి: మూడో కపాల నాడి (మెదడు నుంచి నేరుగా బయల్దేరే పన్నెండు జతల నాడుల్లో మూడోది) పోస్టీరియర్ సెరిబ్రల్, సుపీరియర్ సెరిబెల్లార్ ధమనుల సందులోంచి బయటికి వస్తుంది. నాళాలు తీసేశాక ఆ సంబంధం ఇక కనబడదు.

ఆ తర్వాత లౌతికళ, అంటే మెదడును కప్పిన పలచటి పొర, ఒలవడం. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. మొద్దు మొన ఫోర్సెప్స్‌తో పట్టుకుని గాడి వెంట లాగాలి, గాడికి అడ్డంగా కాదు. అడ్డంగా లాగితే గాడిలో దిగిన రక్తనాళం వల్కలం (మెదడు పైపొర) ముక్కను పెకలించుకుని వస్తుంది. నాడుల్లో ముందుగా పోయేది నాలుగోది. వెంట్రుకంత సన్నం, పైగా పన్నెండింటిలో మెదడు కాండం వెనకనుంచి బయల్దేరేది ఇదొక్కటే. అడుగునుంచి వెతికితే మొదలు ఎక్కడో దొరకదు. చిన్నమెదడును కాస్త వంచి, కాండం వెనక ఉండే ఇన్‌ఫీరియర్ కాలిక్యులస్ అనే చిన్న బొడిపె కింద చూడాలి. వాసనకు సంబంధించిన ఆల్ఫాక్టరీ బల్బు సంగతి మరీ అన్యాయం, చాలాసార్లు పుర్రెలోనే ఉండిపోతుంది. కాండం కింది భాగమైన మెడుల్లా దగ్గర మాత్రం ఆలివ్ అనే బొడిపెను గుర్తుగా పెట్టుకుంటే చాలు: దాని ముందు గాడిలో పన్నెండో నాడి, వెనక గాడిలో తొమ్మిది, పది, పదకొండు వేళ్లు వరసగా.

ఇప్పుడు పైభాగం. సెంట్రల్ సల్కస్‌ను (కదలికల భాగాన్నీ స్పర్శ భాగాన్నీ వేరుచేసే గాడిని) పక్కనుంచి చూసి తేల్చేయడం దాదాపు అందరూ చేసే పొరపాటు. పక్కపక్కనే మూడు గాడులు ఒకే తీరుగా దిగుతుంటాయి, ఏదైనా అదే అనిపిస్తుంది. నేను రెండు అర్ధగోళాల మధ్య సందు విడదీసి లోపలి ముఖం చూస్తాను. అక్కడ సింగ్యులేట్ సల్కస్ అనే గాడి వెనక్కి వెళ్లి పైకి తిరిగి అంచు చేరుతుంది. దానికి కాస్త ముందున్న నొక్కే సెంట్రల్ సల్కస్ పై కొస. అక్కడినుంచి కిందికి వస్తే ముందరి మడతలో గుబ్బలాంటి వంపు తగులుతుంది. చేతిని కదిలించే చోటు అదే.

మొదటి కోత కాండం పై భాగమైన మిడ్‌బ్రెయిన్‌కి అడ్డంగా వేసి కాండాన్ని, చిన్నమెదడును వేరుచేస్తాను. కోత ముఖం మీద సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగం రెండు నల్లటి చారలుగా కనిపిస్తుంది. పార్కిన్సన్స్ ముదిరినవాళ్లలో అవి వెలిసిపోయి ఉంటాయి. కత్తి ఏటవాలుగా పోతే ఒక చార పెద్దగా, ఒకటి చిన్నగా పడి, లేని జబ్బు ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. పొడవాటి కత్తిని తడిపి, ఒక్క లాగులో కోయాలి. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే ముఖమంతా గీతలే.

తర్వాత నిలువునా రెండు సగాలు చేయాలా, మొత్తంగా ముక్కలు కోయాలా? కుడి ఎడమలు పోల్చాల్సిన అవసరం ఉంటే సగం చేయొద్దు. నేర్చుకోవడానికైతే నేను సగమే చేస్తాను. ఒక సగాన్ని అడుగున గుండ్రటి బొడిపెలా ఉండే మామిల్లరీ బాడీ దగ్గర మొదలుపెట్టి, ముందుకీ వెనక్కీ సెంటీమీటరు మందం ముక్కలుగా కోస్తాను. ఆ మొదటి ముక్కను తీరిగ్గా చూడాలి. వల్కలం మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే. లోతున ఉండే బూడిదరంగు ముద్దలైన థాలమస్‌కీ లెంటిఫార్మ్ కేంద్రకానికీ మధ్య వేలి మందం కూడా లేని తెల్లటి పట్టీ, ఇంటర్నల్ క్యాప్సూల్. కండరాలకు వెళ్లే ఆజ్ఞల తంతువులు వల్కలం నుంచి దిగి వచ్చి అక్కడ ఇరుక్కుంటాయి. అందుకే అక్కడ చిన్న నాళం మూసుకుపోయినా అవతలి వైపు ముఖం, చెయ్యి, కాలు కలిసి పడిపోతాయి. అవతలి వైపు ఎందుకంటే, మెడుల్లా కింది భాగంలో ఆ తంతువుల్లో దాదాపు 90 శాతం రెండో వైపుకి దాటుతాయి. కాండం ముందు వైపు సన్నటి గాడిని వేళ్లతో విప్పితే ఆ అల్లిక కంటికే కనిపిస్తుంది.

రెండో సగాన్ని, తెల్లటి తంతువులను ఒలిచి చూసే క్లింగ్లర్ పద్ధతికి ఉంచుతాను. లౌతికళ, నాళాలు పూర్తిగా తీసి, సుమారు మైనస్ 10 నుంచి 15 డిగ్రీల దగ్గర వారం పైన గడ్డకట్టించి కరిగించాలి. మంచు స్ఫటికాలు తంతువుల మధ్య చోటు చేస్తాయి, చెక్క గరిటెతో కట్టలు కట్టలుగా ఒలవొచ్చు. ఒకటే జాగ్రత్త: గరిటె ఎటు లాగితే అటు కట్ట ఏర్పడుతుంది. లేని దారిని మన చేతులే తయారుచేసే ప్రమాదం ఉంది. అందుకే ఒకే కట్టను రెండు కొసలనుంచీ ఒలిచి, మధ్యలో కలిస్తేనే ఒప్పుకుంటాను.

ముక్కలను డబ్బాలో పెట్టేటప్పుడు వరస చెదరకుండా దారం గుచ్చుతాను. ప్రతిదాని ముందు ముఖానికి గుర్తు పెడతాను. అది లేకపోతే వారం తర్వాత ఏది ముందుముఖమో, ఇది కుడి సగమో ఎడమ సగమో ఎవరూ చెప్పలేరు.