నాలుగు పిండాలు, ఒక రిపోర్టు

రిపోర్టు ఫోనుకి వచ్చేసరికి నేను మారతహళ్లిలో ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఐవీఎఫ్‌లో, అంటే ల్యాబులో తయారైన మా పిండాల నుంచి టెస్టు కోసం కొన్ని కణాలు తీసి (బయాప్సీ) 18 రోజులైంది. ఇంటికెళ్లి మా ఆయనతో కలిసి చూద్దామనుకున్నాను గానీ మనసు ఊరుకోలేదు. నాలుగు వరుసలు. ఒకటి నార్మల్, రెండు అబ్‌నార్మల్. నాలుగోదాని ఎదురుగా మొజాయిక్ అని ఉంది. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది కూడా.

నాకు 38 ఏళ్లు. అంతకుముందు రెండుసార్లు ఎనిమిదో వారంలోనే గర్భం పోయింది. ఈసారి 11 అండాలు తీస్తే, ఆరో రోజు దాకా నిలిచిన పిండాలు 4. వాటికే పీజీటీ-ఏ, అంటే క్రోమోజోముల లెక్క సరిగ్గా ఉందో లేదో చూసే టెస్టు, చేయించాం.

అబ్‌నార్మల్ వాటిలో ఒకదానికి 16వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడున్నాయి. తొలి నెలల్లో పోయే గర్భాల్లో తరచుగా కనిపించే తేడా ఇదేనట. వయసు పెరిగేకొద్దీ అండంలో క్రోమోజోములు సరిగ్గా విడిపోవని, అది మన చేతుల్లో ఉండదని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. నేను అక్కడే ఏడ్చేశాను. రెండోసారి గర్భం పోయినప్పుడు మా అత్తయ్య "స్కూటీ తొక్కొద్దంటే వింటివా?" అన్నారు. ఆవిడ బాధలో అన్న మాటే, కానీ రెండేళ్లు అది నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. అప్పట్లో పోయిన వాటికి ఎవరూ టెస్టు చేయలేదు కాబట్టి కారణం ఇదేనని తేల్చలేను. అయినా స్కూటీని మాత్రం ఆ రోజే క్షమించేశాను, నన్ను కూడా.

అత్తయ్య కడప నుంచి ఫోన్ చేసి పాపా, బాబా అనడిగారు. రిపోర్టులో ఆ గడే ఉండదు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ప్రకారం చెప్పకూడదు, మేం సంతకం కూడా పెట్టాం. అది తెలియకపోవడమే నాకు నెమ్మదిగా ఉంది.

నార్మల్ పిండాన్ని ముందు గర్భసంచిలో పెట్టారు. నార్మల్ అని రాసి ఉంది కదా అని మనసులో పేర్లు కూడా అనుకున్నాను. గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష, బీటా, నెగటివ్ వచ్చింది. క్రోమోజోములు సరిగ్గా ఉన్నంత మాత్రాన పిండం అంటుకుంటుందని హామీ లేదని ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పుంటే ఎంత బాగుండేది! 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం గురించి తర్వాత చదివాను. 25 నుంచి 40 ఏళ్ల ఆడవాళ్లలో టెస్టు చేసి ఎంచిన పిండం పెట్టినా, చూపుకి బాగున్న పిండం పెట్టినా, గర్భం నిలవడంలో మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మాలాగా గర్భాలు పోయినవాళ్లకు టెస్టు కొంత దారి చూపిస్తుందనే ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఒక్కో పిండానికి విడిగా డబ్బు కట్టే ముందు ఈ మాట చెవిన పడాలి.

ఇక మిగిలింది మొజాయిక్. అంటే తీసిన కణాల్లో కొన్ని సరైనవి, కొన్ని కావు. మాదాంట్లో 30 శాతం కణాల్లో తేడా. మేం వెళ్లిన చోట ఒకరు దాన్ని పారేయమన్నారు. ఆ మాటకు మా ఆయన ఒప్పుకోలేదు, వేరే జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ గంటసేపు ఓపిగ్గా చెప్పారు. బయాప్సీకి తీసేది మాయగా మారే పై పొరలోని నాలుగైదు కణాలే, బిడ్డగా మారే లోపలి కణాలను ముట్టుకోరు. మొజాయిక్ పిండాల నుంచి ఆరోగ్యంగా పుట్టిన పిల్లల గురించి 2015లోనే ఇటలీ డాక్టర్లు ప్రచురించారు. గర్భం నిలిస్తే 16 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి పరీక్ష చేయించుకోవాలి, తేడా కనిపిస్తే ఏం చేస్తారో ఇప్పుడే ఇద్దరూ మాట్లాడుకోండి అన్నారు.

మాట్లాడుకున్నాం. మూడు రాత్రులు పట్టింది. ఆ పిండం మైనస్ 196 డిగ్రీల ట్యాంకులో ఉంది. సంక్రాంతి అయ్యాక ట్రాన్స్‌ఫర్. హిందూపురంలో అమ్మకు తేదీ చెప్పాను, ముందురోజు బండికి వచ్చేస్తానంది.